ఊట దగ్గర నెడ్రా కట్టిన కెమెరా

మా అన్న కూతురు నెడ్రా ట్వైట్ తన మొదటి ఎల్క్ పోతును, గుర్రమంత దుప్పిని, బాణంతో పడగొట్టడానికి ఆరు శరత్తులు పట్టింది. అయిదేళ్ళు ఒట్టి చేతులతో కొండ దిగింది. ఆరో ఏట, 1998 సెప్టెంబరులో, కొమ్ముకు అయిదేసి కొమ్మలున్న పోతును ఒక్క బాణంతో కూల్చింది. మా లోయలో అంతవరకు ఏ ఆడమనిషీ ఆ పని చెయ్యలేదు. తర్వాత ఇద్దరు చేశారు. ఆ ఇద్దరికీ విల్లు పట్టడం నేర్పింది నెడ్రాయే.

లోయ మనుషుల జీవితాలతో పుస్తకం వేస్తున్నాం, మీ నాన్న గురించి రాయండి అని కమిటీవాళ్ళు నన్ను అడిగారు. కొండమీద అడవిమంటలు కనిపెట్టే ఫారెస్టు గోపురానికి ముప్పై ఏళ్ళు కంచరగాడిదల మీద సామాను చేరవేసిన మనిషి మా నాన్న. ఆయన పేరు ఇప్పటికే రెండు పుస్తకాల్లో ఉంది. నెడ్రా గురించి రాయమని మాత్రం ఎవరూ అడగలేదు. ఊరుకుంటే ఆమె గురించి మిగిలేది కోర్టువాళ్ళు రాసిపెట్టిన కాగితమే. రాష్ట్రం ఆమె చేతిలోంచి వేట లైసెన్సు లాక్కుంది. మోంటానాలో పుట్టి పెరిగినవాడికి దాని అర్థం నేను చెప్పక్కర్లేదు. నా చదువు కోల్డ్ క్రీక్ ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతితో సరి. కానీ ఆ బడి తరఫున జిల్లా స్పెల్లింగు పోటీ రెండుసార్లు గెలిచింది నేనే. కాబట్టి ఈ పని నేను చెయ్యగలను.

మా అన్న పోయేనాటికి నెడ్రాకు పదహారేళ్ళు. తుపాకీ ఆయన నేర్పాడు, విల్లు నేను నేర్పాను, కెమెరా మాత్రం తనంతట తనే నేర్చుకుంది. జంతువుల జాడ తెలియడానికి చెట్లకు కట్టే కెమెరాలు అప్పట్లో ఇప్పటిలా గుప్పిట్లో పట్టేవి కావు. అన్నం డబ్బా అంత పెట్టె, లోపల ఫిల్ము రీలు. జంతువు అడ్డం వస్తే దానంతటదే టక్కుమనేది. రీలు కడిగించాలంటే పట్నంలో మందుల దుకాణానికి పోవాలి. మొదటి రీలంతా గాలికి ఊగే గడ్డి. ఒక బొమ్మలో మాత్రం ఎవరిదో ఆవు నాలుక.

"ఇవి మీవేనా అండీ? మా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందేమో" అందట దుకాణంలో పిల్ల.

"నావే. మా చుట్టాలు" అందట నెడ్రా.

రెండో రీల్లో ఒక్క ఎల్క్ పడింది, అదీ వెనకభాగం. తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

"బాబాయ్, చూడు."

"ఏం చూడమంటావే? పిర్రలు."

"పిర్రలు కాదు, పిర్రల మీద బురద చూడు. తడి బురద. మిట్టమధ్యాహ్నం. మగాళ్ళందరూ తెల్లారగట్ట కొండెక్కి, ఎండపొడ పడగానే దిగొచ్చి కాఫీలు తాగుతున్నారు చూడు, అప్పుడు వీడు తీరిగ్గా స్నానం చేస్తున్నాడు."

మర్నాడు అందరూ దిగుతుంటే ఆమె ఎక్కింది. పొర్లుగుంట పక్కన ఫర్ చెట్ల మాటున కూచుంది. పోతు స్నానానికి వచ్చింది, మళ్ళీ వెళ్ళలేదు.

అక్కడినుంచి ఆమెకు ఎదురులేకపోయింది. ఇరవై నాలుగేళ్ళలో పంతొమ్మిది ఎల్క్‌లు కొట్టింది. ఒక్కటి కూడా దెబ్బతిని తప్పించుకుపోలేదు, ఒక్క తునక మాంసం కొండమీద కుళ్ళలేదు. జిల్లా సంతలో ఎల్క్‌లా కూసే పోటీలో మూడుసార్లు మొదటి బహుమతి కొట్టింది. మూడోసారి గెలిచినప్పుడు ఓడినవాళ్ళ మొహాలు నేను స్వయంగా చూశాను, ఆ ఏడు నాకు అంతకన్నా మంచి దృశ్యం దొరకలేదు. చలికాలం బడి వంటశాలలో వండేది, మంచు పడితే జిల్లావాళ్ళ మంచు తోసే బండి తోలేది, వేట కాలంలో బయటివాళ్ళను కొండెక్కించి దించే గైడు పని చేసేది. పెళ్ళి ఒకటి అయింది, నిలవలేదు. దాని గురించి ఆమె మాట్లాడదు, నేనూ రాయను.

కెమెరా అందరూ కడతారు. నడుమెత్తున కట్టి, దారికి ఎదురుగా తిప్పుతారు. కంటికి ఎదురుగా కొత్త వస్తువు కనబడితే ముసలి పోతు మళ్ళీ ఆ దారిన రాదు. నెడ్రా గుర్రం జీను మీద నిలబడి, చేతికందినంత ఎత్తున కట్టి, కిందికి వంచి, బెరడు ముక్క అడ్డం పెట్టేది. రబ్బరు తొడుగులు లేకుండా ముట్టేది కాదు. రీళ్ళు పోయి కార్డులు వచ్చాక, బొమ్మలున్న ఆ కార్డు తియ్యడానికి వాన పడేటప్పుడో మంచు పడేటప్పుడో వెళ్ళేది, మనిషి వాసన నిలవదని. "వాటి భయమంతా నేలమీదే బాబాయ్, నెత్తిమీద ఏముందో చూడవు" అనేది. ఈమధ్య తీసిన బొమ్మ తీసినట్టే ఫోనుకు పంపే కెమెరాలు వచ్చాయి. వాటి జోలికి పోలేదు. "సోఫాలో కూచుని కనిపెట్టేదాన్ని వేటనరు, బేరం అంటారు" అనేది.

ఇక హార్లన్ బీచమ్ గేటు సంగతి చెప్పాలి. ఫారెస్టు భూమికి మా వైపునుంచి దగ్గర దారి హార్లన్ పశువుల రాంచ్ గుండానే ఉంది. ఆ రాంచ్ పైకొసన, కంచెకు లోపలి పక్క, చలికాలంలో కూడా గడ్డకట్టని ఊట ఒకటుంది. మొదటి పోతును కొట్టిన ఏడే నెడ్రా గేటు దగ్గర హార్లన్‌తో చెయ్యి కలిపింది. దాటుకోవచ్చు, ఊట దగ్గర కెమెరా కట్టుకోవచ్చు, గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. బదులుగా, కొట్టిన ప్రతి ఎల్క్ గుండెకాయా నాలుకా ఆ సాయంత్రమే హార్లన్ వంటింట్లో ఉండాలి. మా లోయలో గేటున్న ప్రతివాడికీ ఇదే పద్ధతి, మా తాతలనాటినుంచి. కాగితం రాసుకున్నవాడు లేడు. కాగితం అడిగినవాడి మొహం మీద తలుపు వేసేవాళ్ళు.

హార్లన్‌కు ఓపిక తగ్గింది. రాంచ్ అమ్మేశాడు. కొన్న ఆసామి ఎక్కడో సముద్రపుటొడ్డు నగరంలో ఉంటాడు, ఇప్పటివరకు మాలో ఎవరం అతన్ని చూడలేదు. బేరంలో హార్లన్‌కు ఒక వెసులుబాటు ఇచ్చారు, బతికినన్నాళ్ళు పాత ఇంట్లోనే ఉండొచ్చని. పెత్తనానికి ట్రెంట్ అనే మేనేజరు వచ్చాడు. రాగానే కంచె స్తంభాలన్నిటికీ నారింజరంగు పూయించాడు. మా దగ్గర ఆ రంగుకు ఒకటే అర్థం, ఆసామి మాట లేకుండా లోపల అడుగుపెట్టొద్దని.

నెడ్రాకు అర్థం తెలీక కాదు. "రంగు కొత్తవాళ్ళకు. నేను చెయ్యి కలిపింది గేటుతో. గేటు ఎక్కడికీ పోలేదుగా" అంది. కలిపిన చెయ్యి గేటుతోపాటు చేతులు మారుతుందని మా వాళ్ళందరి నమ్మకం. నేనూ అదే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. కోర్టు అలా అనుకోలేదు.

ఆ రోజుల్లో నెడ్రా మనసంతా ఒక పోతు మీద ఉండేది. మెడచుట్టూ నల్లటి జూలు, పాస్టరు అంగీలా. అందుకని పాస్టరు అని పేరు పెట్టింది. ఎడమ పక్క కింది కొమ్మ నేలకు వంగి ఉండేది. నాలుగేళ్ళుగా కెమెరాలో పడుతున్నాడు తప్ప కంటికి దొరకలేదు. 2022 వేసవిలో ఊట దగ్గర తీసిన బొమ్మ ఒకటి పెద్దది చేయించి, పోస్టాఫీసు పక్క కాఫీ హోటల్లో బల్లబల్లకూ తిప్పింది. గర్వం ఆమెకు లేదని నేను చెప్పను. గర్వపడే పని చేసినవాళ్ళు గర్వపడాలి.

ట్రెంట్ మూల బల్ల దగ్గర ఆపిల్ పై ముక్క తింటున్నాడు. చెయ్యి తుడుచుకుని లేచి వచ్చాడు.

"మీ ఫోటోల గురించి చాలా విన్నాను మేడమ్. నేనూ చూడొచ్చా?"

"చూడు నాయనా, కళ్ళకు మంచిది."

"అబ్బ, ఎంత పోతు! ఎక్కడ తీశారు?"

"నీ ముక్కు కిందే" అంది నెడ్రా. హోటలంతా గొల్లుమంది.

ట్రెంట్ కూడా నవ్వాడు. బొమ్మలో పోతు వెనక నారింజరంగు స్తంభం నిలబడి ఉంది. దాన్ని కాసేపు చూసి, ఆమె కాఫీకి కూడా తనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

"మర్యాదస్తుడే బాబాయ్" అంది నెడ్రా. ఆ కెమెరా తీసెయ్యమని అతను అననూ లేదు, తను తీయించనూ లేదు.

అక్టోబరు చివర తుపాకీతో వేటాడే కాలం మొదలైంది. మొదటి రెండు రోజుల కాల్పులకే మందలన్నీ ఫారెస్టు భూమి వదిలి రాంచ్‌లోకి దిగిపోయాయి. ఎక్కడ తుపాకీ పేలదో వాటికి మనకన్నా ముందు తెలుస్తుంది. కొండమీద మావాళ్ళందరూ ఖాళీ మంచు చూసుకుంటూ తిరుగుతున్నారు. మంచు జోరుగా పడుతున్న ఒక పొద్దున నెడ్రా తుపాకీ ఇంట్లో వదిలేసి, రాంచ్ దాటి ఊట దగ్గరికి వెళ్ళి కార్డు తెచ్చింది. తుపాకీ చేతిలో లేకపోతే అది నడకేగానీ వేట కాదని ఆమె లెక్క. కార్డులో పాస్టరు వరసగా కనబడ్డాడు. తెల్లవారే వేళకు ఊటలో నీళ్ళు తాగి, పై తీగ తెగిన చోట కంచె దూకి, ఫారెస్టు భూమిలోకి మేతకు పోతున్నాడు.

మర్నాడు ఇద్దరం దూరపు దారిన, ఫారెస్టు భూమిలోనే చుట్టుతిరిగి ఎక్కాం. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఆ ఏటవాలు ఎక్కినవాణ్ణి మా లోయలో ఇంకొకణ్ణి చూపించండి. నేను కంచరగాడిదను పట్టుకుని కింద లోతట్టులో ఆగాను. ఆమె తెగిన తీగకు ఎదురుగా, కంచెకు బాగా ఇవతల, మంచులో బోర్లా పడుకుంది. ఒకే ఒక తుపాకీ దెబ్బ వినబడింది. నేను పైకి వెళ్ళేసరికి పోతు పక్కన మోకాళ్ళ మీద కూచుని ఉంది.

"వంకర కొమ్మ చూడు బాబాయ్. వాడే."

"ఏడుస్తున్నావా?"

"చలి. నువ్వు కత్తి తీయి ముందు."

పక్కకు ఏడేసి కొమ్మలు. అంత పెద్ద పోతును మా కుటుంబంలో ఎవరూ, మా నాన్నతో సహా, కొట్టలేదు. నాలుగు కాళ్ళూ విడదీసి, రెండు విడతలుగా కంచరగాడిద మీద దింపాం. ఆ సాయంత్రం ఆమె గుండెకాయా నాలుకా శుభ్రమైన గుడ్డలో చుట్టి హార్లన్ తలుపు తట్టింది. అమ్మకం తర్వాత కూడా ఆ పద్ధతి మానలేదు. హార్లన్ తీసుకున్నాడు. "ఈసారి పెద్దది పిల్లా" అన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను, ట్రక్కులో కూచుని.

రెండో రోజు వేట చట్టం చూసే వార్డెన్ గస్ వచ్చాడు. గస్ నెడ్రాతో ఒకే బల్లమీద కూచుని చదువుకున్నవాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎక్కడ కొట్టావో నాకు తెలుసు నెడ్రా. రక్తం చూసొచ్చా. కంచెకు ఇవతలే. దాంతో పేచీ లేదు."

"మరి పేచీ దేంతో?"

గస్ జేబులోంచి ఒక బొమ్మ తీశాడు. ఊట దగ్గర స్ప్రూస్ చెట్టు. నెడ్రా కెమెరా తెరిచి కార్డు తీస్తోంది. బొమ్మ పైనుంచి తీసింది. ఆమె టోపీ నడినెత్తి, రబ్బరు తొడుగులు, తొడుగుల్లో కార్డు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. హోటల్లో బొమ్మ చూసిన మర్నాడే ట్రెంట్ ఆమె కెమెరాకు ఎదురు చెట్టు మీద, నిచ్చెన వేసుకుని, ఇంకా ఎత్తున, ఫోనుకు బొమ్మ పంపే తన కెమెరా కట్టించాడు. ఎదురుచూశాడు. ఆమె కార్డు తీసిన పొద్దునే గస్‌కు ఫోను చేసి ఉంటే ఊరికే చొరబడిన తప్పు, మందలించి వదిలేవాళ్ళు. పోతు పడేదాకా ఆగాడు. పోతు పడ్డాక తప్పు పెద్దదవుతుందని అతనికి తెలుసు.

"వేట కాలం నడుస్తోంది, ఆసామి మాట లేని భూమి, చేతిలో కార్డు. చట్టానికి అది వేటే నెడ్రా. తుపాకీ ఇంట్లో ఉన్నా వేటే."

"హార్లన్ మాట ఉంది కదరా గస్!"

"హార్లన్ వచ్చి ఆ మాట చెప్తే, తెలిసి చేసిన తప్పు కాదంటారు. లైసెన్సు నిలబడొచ్చు. చెప్పించుకో" అన్నాడు గస్. మాంసం, కొమ్ములు బండిలోకి ఎక్కించేటప్పుడు ఆమె మొహం చూడలేదు.

అంతా హార్లన్ నోటిమీదికి వచ్చింది. విచారణ మరుసటి ఏడు ఆగస్టులో జరిగింది. కోర్టుకు నేనే నా ట్రక్కులో తీసుకొచ్చాను అతన్ని. దారి పొడుగునా వాతావరణం గురించి మాట్లాడాడు. లోపల ట్రెంట్ వెనక వరసలో, ఇస్త్రీ చొక్కాతో, కాలు మీద కాలేసుకుని కూచున్నాడు.

"ఈమెకు మీరు మీ గేటు దాటడానికి, కెమెరా కట్టుకోవడానికి అనుమతి ఇచ్చి ఉన్నారా?" అని అడిగాడు జడ్జి.

హార్లన్ టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు. "చాలామంది వచ్చి పోతుండేవాళ్ళండి. నాకు గుర్తులేదు."

నెడ్రా లేచి నిలబడింది. "హార్లన్ మామా, గుండెకాయ ఉల్లిపాయలతో వేయించుకునేవాడివి. వెన్న వెయ్యొద్దనేవాడివి, పడదని. అదన్నా గుర్తుందా?"

జడ్జి కూచోమన్నాడు. హార్లన్ టోపీ వైపు చూస్తూనే ఉన్నాడు. పాత ఇంట్లోంచి వెళ్ళగొడతారని అతని భయం. అలా ఎవరైనా అన్నారో, తనే అనుకున్నాడో నాకు తెలియదు. ఇరవై ఏళ్ళు ఆ చేతి గుండెకాయ తిన్న నోరు ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది.

మూడేళ్ళు లైసెన్సు రద్దు. కొట్టకూడదు, గైడు పని చెయ్యకూడదు, వేటకు వెళ్ళేవాడి పక్కన నడవకూడదు కూడా. అదే రోజున ఆమె బతుకులో సగం పోయింది. రెండో సగం బడివాళ్ళు తీశారు. తల్లిదండ్రులు ఏమనుకుంటారోనని వంటశాలలో వేరే ఆమెను పెట్టుకున్నారు. నెడ్రా దగ్గర ఎల్క్ మాంసం తినకుండా పెరిగిన పిల్ల ఆ బడిలో ఒక్కతీ లేదు. కాఫీ హోటల్లో గొల్లుమన్న నోళ్ళు ఆమె వస్తే మూతపడేవి. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బావుండేది, జవాబు చెప్పేది.

కేసు తేలాక పాస్టరు మాంసం ప్రభుత్వం ఫ్రీజర్లోంచి బయటికొచ్చింది. ముసలివాళ్ళకు ఉచిత భోజనం పెట్టే హాలుకు ఇచ్చేశారు. ఆ శరత్తులో ఒక బుధవారం నేను వెళ్ళేసరికి హార్లన్ మొదటి బల్ల దగ్గర రొట్టె ముంచుకుని కూర తింటున్నాడు. ఎదురుగా కూచున్నాను.

"ఎలా ఉంది హార్లన్?"

"కాస్త గట్టిగా ఉందిరా. ముసలి పోతు అయ్యుంటుంది. రుచి మాత్రం మంచిదే. ఎవరు కొట్టారో?"

"నీకు గుర్తుండదులే" అన్నాను.

చెంచా గిన్నెలో పెట్టేశాడు. తర్వాత మళ్ళీ తీసుకుని మిగిలింది కూడా తిన్నాడు. నేను ఆ రోజు అక్కడ తినలేదు.

ట్రెంట్ బాగున్నాడు. ఊట చుట్టూ ఇప్పుడు ఫోనుకు బొమ్మలు పంపే కెమెరాలు అరడజనుపైనే ఉన్నాయి. నగరాలనుంచి వేటకు వచ్చినవాళ్ళు రాంచ్ బంగళాలో పడుకుని, ఫోను మోగాక బూట్లు తొడుక్కుంటారు. వాళ్ళకు చట్టంతో పేచీ లేదు, ఆసామి మాట ఉంది.

నెడ్రా ఆ చలికాలం దిగకముందే ఉత్తర డకోటా చమురు బావుల దగ్గర కూలీల శిబిరంలో వంటకు వెళ్ళింది. రెండేళ్ళు తిరక్కుండా వంటశాల మొత్తం ఆమె చేతికిచ్చారు. అదీ రాసుకోండి. ఆదివారాలు ఫోను చేస్తుంది.

"ఏం వండావే?"

"ఆవు మాంసం. ఏ ఊరిదో, ఏం తిని బతికిందో ఎవడికీ తెలీదు. అందరూ బావుందంటారు. నువ్వేం తిన్నావు?"

"పెంటి ఎల్క్. పోయినేడు నేనే కొట్టా, ఎనభై ఒకటి నిండాక."

"వింటున్నా బాబాయ్, ప్రతి ఆదివారం వింటున్నా."

పోయినవారం అడిగాను, శిక్ష తీరాక వచ్చి ఏం చేస్తావని.

"గేటు జోలికి పోను. ఫారెస్టు దారిన చుట్టు తిరిగి ఎక్కుతా."

"పొద్దంతా పడుతుందే. నీ మోకాళ్ళు?"

"వాటిని అడగలేదు."

"కెమెరాలు? నా కొట్టంలోనే ఉన్నాయి, బ్యాటరీలు తీసి పెట్టా."

వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"ఎవరికైనా ఇచ్చెయ్యి. కొండమీద ఒక్క చెట్టుకూ కెమెరా లేని చోటు ఎక్కడైనా మిగిలిందేమో చూసిపెట్టు, అది చాలు" అంది.

చూస్తున్నాను, ఇంతవరకు దొరకలేదు. ఆమె శిక్ష ఆగస్టు ఇరవైతో తీరుతుంది. శిబిరంలో లెక్క అప్పజెప్పి మర్నాడు బయల్దేరుతుంది. ఇక్కడికి వచ్చేది 2026 ఆగస్టు 22, శనివారం.